సముద్రగర్భంలో మూడు భయాలు

ఆఫ్రికా ఖండానికి, అరేబియాకు నడుమ సన్నగా సాగిన ఎర్రసముద్రం చూపునకు ఇరుకైనదే గాని చాల లోతైనది. దానిలో వచ్చి కలిసే జీవనది ఒక్కటియు లేదు. నదులు లేవు గనుక ఒండ్రుమట్టి లేదు. మట్టి లేదు గనుక నీరు అద్దం వలె తేటగా ఉంటుంది. ఎండ తీవ్రతకు నీరు నిత్యం ఆవిరి అవుతూ ఉండుటచేత ఉప్పదనం కూడ ఎక్కువ. వెయ్యి పాళ్ల నీటిలో ఇంచుమించు 40 పాళ్లు ఉప్పే. వెచ్చదనం, వెలుతురు, తేటనీరు అనే మూడింటిని కోరే పగడపు పురుగులకు ఇంతకంటె అనువైన చోటు అరుదు. అవి తరతరాలుగా సున్నపు గూళ్లు కట్టి, సూడాన్ దేశపు తీరానికి ఎదుట నడిసముద్రంలో పెద్ద పెద్ద దిబ్బలను నిర్మించినవి. వాటిలో సంగనేబ్ అనేది తీరానికి 25 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 800 మీటర్ల లోతునుండి కోటగోడ వలె నిటారుగా లేచి ఉన్నది. షాబ్ రూమీ, వింగేట్ అనేవి ఆ ప్రాంతంలోనివే.

ఓడ నడిపేవారికి ఇవి ప్రాణగండాలు. వీటి అడుగుకు దిగి చూడవలెనని కోరుకొన్న మానవునికి మూడు భయాలు ఎదురైనవి. మొదటిది నీటి బరువు, రెండవది సొరచేప, మూడవది మునిగిన ఓడ. ఈ మూడింటిలో ఏది ప్రమాదకరమైనదని అడిగితే ఎవరైనను తడుముకోకుండ సొరచేప అనే చెప్పుదురు. కాని నూరేండ్లకు పైబడిన అనుభవం, ప్రయోగం కలిసి ఇచ్చిన సమాధానం వేరుగా ఉన్నది. అది ఎట్లు తేలినదో చూడదగినది.

నీటి బరువు

మన తలపై ఉన్న గాలి అంతా కలిసి ప్రతి చదరపు సెంటీమీటరుపైన సుమారు ఒక కిలోగ్రాము బరువుతో నొక్కుతున్నది. దీనినే ఒక వాతావరణ పీడనం అంటారు. సముద్రంలో 10 మీటర్ల లోతుకు దిగగానే మరియొక వాతావరణ పీడనం దీనికి తోడవుతుంది. 30 మీటర్ల లోతున మొత్తం నాలుగు రెట్లు. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే గనుక ఈ ఒత్తిడికి నలిగిపోదు. చిక్కంతా ఊపిరితిత్తులలోని గాలితోనే. పీడనం రెట్టింపయితే గాలి పరిమాణం సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం బడిపిల్లలకు కూడ తెలిసినదే.

నోటిలో పొడుగాటి రెల్లు గొట్టం పెట్టుకొని నీటి అడుగున కూర్చుండి ఊపిరి పీల్చవచ్చునని కథలలో వింటూ ఉంటాము. అది ఒక మూర లోతువరకే సాధ్యం. మీటరు లోతున రొమ్ముపైన ప్రతి చదరపు సెంటీమీటరుకు 100 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. రొమ్ము కండరాలు ఆ బరువును ఎత్తి, పైనున్న గాలిని లోనికి లాగలేవు. అందుచేత లోతుకు దిగేవానికి చుట్టునున్న నీటి పీడనంతో సమానమైన పీడనంగల గాలినే అందించవలెను. నీటి అడుగున ఊపిరి పీల్చుటకు సాగిన ప్రయత్నాలన్నిటి చరిత్ర ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నది.

తోకచుక్క పేరుతో మనకు పరిచితుడైన ఎడ్మండ్ హేలీ 1691లో ఒక పెద్ద గంటను నీటిలోనికి దింపి, పీపాలలో గాలి నింపి దానికి పంపే ఏర్పాటు చేసినాడు. 1837లో ఆగస్టస్ సీబే ఇత్తడి శిరస్త్రాణం, రబ్బరు దుస్తులు కలిపి నీరు చొరరాని ఉడుపు తయారుచేసినాడు. పైన పడవలోనివారు పంపు కొట్టుచుండగా గొట్టం గుండా గాలి లోనికి వచ్చేది. ఇంగ్లండులో 1782లో మునిగిపోయిన రాయల్ జార్జి అనే యుద్ధనౌక శిథిలాలను 1839 మొదలు కొన్నేండ్లపాటు ఈ పద్ధతినే తొలగించినారు. ఆ పనిలో దిగినవారికి కీళ్లనొప్పులు పట్టుకొన్నవి. తడిలో పనిచేసినందువల్ల కలిగిన వాతమని అనుకొన్నారు. తరువాత అమెరికాలో బ్రూక్లిన్ వంతెన పునాదులు త్రవ్వేటప్పుడు ఒత్తిడిగాలి నింపిన గదులలో పనిచేసిన కూలీలకు కూడ ఇదే జబ్బు చేసినది. కొందరు చనిపోయినారు. వంతెన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ జీవితాంతం రోగపీడితుడైనాడు.

దీని కారణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ 1878లో తన బృహద్గ్రంథంలో నిరూపించినాడు. గాలిలో నాలుగింట మూడువంతులకు మించి నత్రజనియే. పీడనం హెచ్చినకొద్దీ అది రక్తంలోను కండలలోను కరగుతుంది. సోడా సీసా మూత ఒక్కసారిగా తీసినప్పుడు బుడగలు పొంగినట్లే, లోతులో ఉన్నవాడు తొందరపడి పైకి వచ్చినచో ఆ నత్రజని శరీరంలోనే బుడగలు కడుతుంది. కీలులో చేరితే నొప్పి, వెన్నెముకలో చేరితే పక్షవాతం.

మరి ఎంత నిదానంగా పైకి రావలెను? ఇంగ్లండులో జె. ఎస్. హాల్డేన్ మేకలను ఒత్తిడి గదిలో ఉంచి ప్రయోగాలు చేసినాడు. పరిమాణంలో మేక చిన్న జంతువులకంటె మనిషికి దగ్గర. పైగా కాలు నొప్పి పెట్టినచో పైకెత్తి చూపిస్తుంది. రెండు వాతావరణాల పీడనంనుండి ఒకదానికి తెచ్చినప్పుడు మేకలకు హాని కలుగలేదు. అట్లే నాలుగునుండి రెండుకు తేవచ్చునని, కొంతసేపు ఆపి మరల సగం చేయవచ్చునని గ్రహించి, మజిలీలతో పైకివచ్చే పట్టికలను ఆయన తన అనుచరులతో కలిసి 1908లో ప్రచురించినాడు. నేటి డైవర్లు మణికట్టుకు కట్టుకొనే చిన్న గణకయంత్రంలో ఉన్నది ఆ మేకల లెక్కకు సంతతియే.

గొట్టం లేని ఊపిరి

ఇత్తడి తల, సీసపు బూట్లు ధరించి గొట్టానికి కట్టుబడినవాడు పగడపు దిబ్బపైన స్వేచ్ఛగా తిరుగలేడు. 1860 దశకంలోనే రూకైరోల్, దెనేరూజ్ అనే ఇద్దరు ఫ్రెంచివారు పీల్చినప్పుడు మాత్రమే గాలినిచ్చే కవాటాన్ని తయారుచేసినారు. జూల్స్ వెర్న్ తన సుప్రసిద్ధ సాగర నవలలో కథానాయకులకు ఇచ్చిన పరికరం దీనినుండి పుట్టినదే. కాని ఆనాడు ఎక్కువ ఒత్తిడితో గాలిని నిలువచేయగల సిలిండర్లు లేకపోవుటచేత అది గొట్టాన్ని పూర్తిగా వదలుకోలేకపోయినది. ఇంగ్లండులో హెన్రీ ఫ్లూస్ 1878లో మరొక దారి తొక్కినాడు. వట్టి ఆమ్లజనిని పీల్చి, విడిచిన బొగ్గుపులుసు గాలిని రసాయన ద్రవ్యానికి పట్టించి, మిగిలినదానిని మరల పీల్చుటయే ఆ పద్ధతి. దీనికి బుడగలు లేవు, చప్పుడు లేదు. కాని కొద్ది మీటర్ల లోతు దాటినచో ఆమ్లజనియే విషమై మూర్ఛలు కలిగించును. ప్రాణవాయువు ప్రాణం తీయగలదని పాల్ బెర్ అప్పటికే హెచ్చరించి ఉన్నాడు.

1933లో ఫ్రెంచి నావికాధికారి ఈవ్ లె ప్రియర్ సిలిండరు గాలితో గొట్టం లేకుండ దిగినాడు. అయితే గాలి ఎడతెగక ప్రవహించుటచేత చాల భాగం వృథా అయ్యేది. లోపం తీర్చినవారు జాక్ ఈవ్ కూస్తో అనే నావికాధికారి, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సులో పెట్రోలు కరవై కార్లను గ్యాసుతో నడుపవలసివచ్చినది. దానికై గాన్యాన్ ఒక కవాటం చేసియున్నాడు. 1942 డిసెంబరులో కూస్తో తన కోరికను చెప్పగా, ఆ కవాటాన్నే మార్చి వాడవచ్చునని గాన్యాన్ గ్రహించినాడు.

1943 జనవరిలో మార్న్ నదిలో పరీక్షించినారు. పడుకొని ఈదినప్పుడు బాగుగా పనిచేసినది. నిటారుగా నిలిచినప్పుడు గాలి ఉబికివచ్చినది. తలక్రిందులైనప్పుడు పీల్చుట కష్టమైనది. గాలి వచ్చేచోటికి, విడిచేచోటికి మధ్య జానెడు ఎత్తు తేడా ఉండుటయే కారణం. ఆ జానెడు నీటి పీడనమే ఊపిరిని తప్పుదారి పట్టించినది. రెంటిని ఒకే మట్టానికి తెచ్చినంతనే చిక్కు విడిపోయినది. అదే ఏడాది జూనులో మధ్యధరా తీరాన కూస్తో చేప వలె అన్ని వైపులకు తిరుగుతూ ఈదినాడు. తరువాతి కాలంలో ఇట్టి పరికరాలకు ‘స్కూబా’ అనే మాట వాడుకలోనికి వచ్చినది. స్వయంపూర్ణమైన జలాంతర శ్వాసపరికరం అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలను కూర్చి చేసిన పేరు అది.

కాని నత్రజని తన రెండవ రూపం చూపినది. 1943 అక్టోబరులో కూస్తో మిత్రుడు ఫ్రెడెరిక్ ద్యూమా 62 మీటర్లకు దిగినప్పుడు కల్లు త్రాగినవాని వలె మత్తు కమ్మినది. 1947 సెప్టెంబరులో మరొక సహచరుడు మోరిస్ ఫార్గ్ 120 మీటర్ల లోతున త్రాడుకు కట్టిన పలకపై సంతకం చేసినాడు. ప్రాణాలతో పైకి రాలేదు. ఈ కథలో ఇంతవరకు ఒక్క సొరచేప కూడ రాలేదన్న సంగతి పాఠకులు గమనింపవలెను. చంపినది గాలియే.

ఉంబ్రియా ఓడ

వియన్నా నగరవాసి హాన్స్ హాస్ 1919లో జన్మించినాడు. విద్యార్థిగా 1939లో ఇద్దరు మిత్రులతో కరీబియన్ సముద్రంలోని క్యురసావ్, బొనేర్ దీవులకు వెళ్లి, నీటిలో సొరచేపలను ఛాయాచిత్రాలు తీసినాడు. యుద్ధం రావడంతో అమెరికా, జపాను, సైబీరియాల మీదుగా చుట్టుతిరిగి ఇల్లు చేరవలసివచ్చినది. అతడే 1949లో పోర్టు సూడాన్‌కు వచ్చి, అక్కడి దిబ్బల నడుమ ఆమ్లజని పరికరంతో దిగినాడు. మరుసటి ఏడాది సహచరులతో మరల వచ్చి తీసిన చలనచిత్రానికి 1951లో వెనిస్ ఉత్సవంలో బహుమానం లభించినది.

హాస్ చూచినవాటిలో వింగేట్ దిబ్బ ప్రక్కన పడియున్న ఉంబ్రియా అనే ఓడ ఒకటి. దీని కథ విచిత్రమైనది. 1911లో జర్మనీలోని హాంబర్గులో కట్టిన ఈ ఓడ చేతులు మారి చివరకు ఇటలీవారిది అయినది. 1940 జూనులో ఇది వేల టన్నుల బాంబులు, సిమెంటు, మూడు ఫియట్ కార్లు మున్నగు సరకులతో ఎర్రసముద్రంలో ప్రవేశించినది. బాంబులు ఎరిట్రియాలోని మసావా రేవుకు చేరవలసినవి. ఇటలీ ఇంకను యుద్ధంలో దిగలేదు. కాని నేడో రేపో దిగునని ఎల్లరికీ తెలుసు. బ్రిటిషు నౌకాదళంవారు ఓడను ఆపి సోదా చేయసాగినారు. జూను 10వ తేదీన కెప్టెను లోరెంజో మ్యుయేసాన్ తన గదిలోని రేడియోలో యుద్ధప్రకటన విన్నాడు. సోదా చేసేవారికి ఆ వార్త ఇంకను అందలేదు. ప్రమాదకాలంలో పడవలు దింపే అభ్యాసం చేస్తున్నామని చెప్పి ఆయన అందరిని పడవలలోనికి దింపించినాడు. ఈలోగా అతని మనుషులు అడుగున కవాటాలు తెరచినారు. బాంబులు శత్రువు చేతికి చిక్కకుండ ఓడ నెమ్మదిగా మునిగిపోయినది.

ఉంబ్రియా ఎడమ ప్రక్కకు ఒరిగి పడియున్నది. మిక్కిలి లోతైన భాగం 35 మీటర్ల ప్రాంతం. పై భాగం దాదాపు నీటి మట్టానికి వస్తుంది. బాంబులను తీయబోయి పేల్చినచో పోర్టు సూడాన్ పట్టణానికే ముప్పు కలుగునని భయపడి వాటిని అట్లే వదలివేసినారు. నేటికిని అవి అరలలో వరుసగా పేర్చి ఉన్నవి.

మునిగిన ఓడ జీవశాస్త్రజ్ఞునికి ఒక అపురూపమైన ప్రయోగశాల. పగడాలకు అతుక్కొనుటకు గట్టి ఆధారం కావలెను. ఇసుకలో అవి నిలువలేవు. ఇనుప ఓడ ఆ ఆధారాన్ని ఇస్తుంది. అంతేకాదు, ప్రకృతిసిద్ధమైన దిబ్బ వయస్సు చెప్పుట కష్టం గాని, ఓడ మునిగిన తేదీ మనకు తెలుసు. దానిపైన ఇంత పగడం ఇన్నేండ్లలో పెరిగినదని లెక్క కట్టవచ్చును. కొమ్మలు వేసే పగడాలు ఏటా కొన్ని సెంటీమీటర్లు పెరుగగా, బండ వలె పెరిగే జాతులు సాధారణంగా సెంటీమీటరు అటూ ఇటూ మాత్రమే పెరుగును. హాస్ చూచునప్పటికి ఉంబ్రియా మునిగి తొమ్మిదేండ్లే. అప్పుడే అది చేపలకు నివాసమై ఉన్నది.

అయితే ఓడలోని ప్రమాదమేమి? దయ్యాలు కావు, నిధి కాపలాదారులు కావు. తుప్పుపట్టి కూలే రేకులు, కాలు తగిలితే లేచే బురద, చీకటిలో దారి తప్పుట ముఖ్యమైనవి. పైకప్పు ఉన్నచోట నేరుగా పైకి రాలేము. గాలి మాత్రం తరిగిపోతూనే ఉంటుంది. 30 మీటర్ల లోతున ప్రతి ఊపిరికి పైన పీల్చేదానికి నాలుగు రెట్లు గాలి ఖర్చు. కనుక ఈ భయం కూడ చివరకు మొదటి భయానికే వచ్చి చేరుతున్నది.

సొరచేప మాట

రెండవ ప్రపంచయుద్ధంలో ఓడలు మునిగి సముద్రం పాలైన నావికులకు సొరచేపల బెడద పెద్ద భయమైనది. 1945 జులై 30న ఇండియానాపొలిస్ అనే అమెరికన్ యుద్ధనౌక మునిగినప్పుడు దాదాపు 1,200 మందిలో 316 మంది మాత్రమే బ్రతికినారు. దప్పిక, ఎండ, గాయాలతోపాటు సొరచేపలును కొందరిని పొట్టనపెట్టుకొన్నవి. అమెరికన్ నౌకాదళం రాగి లవణం, నల్లని రంగు కలిపిన బిళ్లలను సొరలను తరుముటకు పంచినది. అవి మనుషులకు ధైర్యాన్ని ఇచ్చినవే గాని సొరలను తరిమినట్లు నమ్మకమైన రుజువు దొరకలేదు.

భయం ఉన్నచోట ద్వేషం కూడ ఉంటుంది. కూస్తో తీసిన ‘నిశ్శబ్ద ప్రపంచం’ అనే చిత్రం 1956లో కాన్ ఉత్సవంలో ప్రథమ బహుమానం పొందినది. అందులో చనిపోయిన తిమింగలపు పిల్లను తినవచ్చిన సొరచేపలను కలిప్సో ఓడవారు పట్టి, ఓడపైకి లాగి చంపిన దృశ్యం ఉన్నది. నాటి ప్రేక్షకులలో చాలమందికి అది సాహసంగానే తోచినది. సముద్ర రక్షణకై తరువాత ప్రపంచమంతట ప్రచారం చేసినవాడు కూడ ఆ కూస్తోయే.

ఈ మార్పునకు వెనుక ప్రయోగాలున్నవి. 1958లో అమెరికాలో సొరచేపల దాడులన్నిటిని ఒక పట్టీలో చేర్చే పని మొదలైనది. 1963లో డొనాల్డ్ నెల్సన్, శామ్యూల్ గ్రూబర్ అనేవారు, గాయపడిన చేప కొట్టుకొన్నప్పుడు వచ్చే రకపు మంద్రధ్వనులను నీటిలో వినిపించి, సొరలు దూరంనుండి వచ్చునని చూపినారు. సొర ముక్కుమీద చిన్న చిన్న రంధ్రాలున్నవి. వాటిని ఇటలీవాడైన లోరెంజినీ 1678లోనే వర్ణించినాడు గాని వాటి ప్రయోజనం మూడు శతాబ్దాలవరకు తేలలేదు. 1971లో కాల్మైన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక బల్లపరుపు చేపను అగర్ అనే జిగురు పదార్థంతో కట్టిన అరలో దాచి, ఇసుక కప్పినాడు. కంటికి కానరాకున్నను చిన్న సొర తిన్నగా దానిపైకే వచ్చినది. అరపైన పలుచని ప్లాస్టిక్ పొర కప్పగానే కనిపెట్టలేకపోయినది. పొర విద్యుత్తును ఆపివేసినది గదా! చేపను తీసివేసి, అంతే బలహీనమైన విద్యుత్తును ఇసుకలో ప్రసరింపజేయగా సొర ఆ ఎలక్ట్రోడులనే కరచినది. సెంటీమీటరుకు వోల్టులో పదికోట్లవ వంతు తేడాను సైతం అది గుర్తింపగలదు.

షాబ్ రూమీ వంటి దిబ్బలపై తిరిగే బూడిదరంగు సొర గురించి 1973లో జాన్సన్, నెల్సన్ ప్రకటించిన సంగతి మరింత ముఖ్యం. డైవరు దానిని తరిమి, పోయే దారి లేని మూలకు నెట్టినప్పుడు అది ముక్కు పైకెత్తి, వెన్ను గూనిచేసి, ప్రక్కరెక్కలు క్రిందికి వాల్చి, వింతగా ఊగుతూ ఈదుతుంది. ఇది ఆకలి కాదు, హెచ్చరిక. బుసకొట్టే నాగుబాము వలె ‘దూరంగా పో’ అని చెప్పుట. ఆ భాష తెలిసినవాడు వెనుదిరుగును, తెలియనివాడు కరపించుకొనును. క్రూరత్వమని లోకం అనుకొన్నదానిలో కొంత మన అజ్ఞానమే.

నీటి అడుగున ఇల్లు

1963లో కూస్తో బృందం ఈ షాబ్ రూమీ దిబ్బమీదనే ఒక సాహసం చేసినది. సుమారు 10 మీటర్ల లోతున నక్షత్రపు చేప ఆకారంలో ఇనుప ఇల్లు నిలిపి, ఐదుగురు నెల దినాలు అందులో కాపురమున్నారు. మరికొంత క్రింద, సుమారు 27 మీటర్ల లోతున, ఇద్దరు చిన్న గదిలో వారం దినాలు గడిపినారు. వారు పీల్చిన గాలిలో హీలియం కలిపినారు. ఒక లోతులో శరీరం పట్టగలిగినంత వాయువు కరిగిన తరువాత ఎంతకాలమున్నను ఇంకేమియు కరుగదు; కనుక పైకివచ్చేటప్పుడు పట్టే కాలం పెరుగదు. ఈ సూత్రాన్ని సముద్రంలో పరీక్షించుటయే వారి ఉద్దేశం. చుట్టును సొరచేపలు తిరుగుచుండగా రక్షణకై పంజరాలు కూడ దింపినారు. మనుషులు క్షేమంగా తిరిగివచ్చినారు. ఆ చిత్రం మరుసటి ఏడాది వెలువడి ఆస్కార్ బహుమానం అందుకొన్నది. ఆ స్థావరంలో మిగిలిన కట్టడాల శిథిలాలు పగడాలు కప్పి ఇంకను అక్కడ ఉన్నవి.

ఎవరికి ఎవరు భయం?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. సొరచేపలలో 500కు పైగా జాతులున్నవి. మనుషులను చంపిన ఉదంతాలలో అధికభాగం తెల్ల సొర, పులి సొర, ఎద్దు సొర అనే మూడింటివే. ప్రపంచమంతటా ఏటా రెచ్చగొట్టకుండ జరిగే కాట్లు సుమారు 60, 70. మరణాలు సాధారణంగా పదికి లోపే. మనుషుల చేపల వేటలో ఏటా చనిపోయే సొరలు దాదాపు 10 కోట్లని 2013లో ఒక అంచనా వెలువడినది. 1970 తరువాత అర్ధశతాబ్దంలో నడిసముద్రపు సొరలు, టేకు చేపల సంఖ్య 71 శాతం తగ్గినదని 2021లో మరొక పరిశోధన తేల్చినది. చాలమేరకు రెక్కల పులుసుకోసం, మాంసంకోసం, ఇతర చేపలకై వేసిన వలలలో చిక్కుకొని అవి చస్తున్నవి. సొర ఏండ్ల తరబడి పెరిగి, కొద్ది పిల్లలనే కంటుంది. పోయినదానిని త్వరగా పూరించుకోలేదు.

కొంత మేలుకొలుపు కూడ లేకపోలేదు. మన దేశం 2001లో తిమింగల సొరకు వన్యప్రాణి చట్టం క్రింద రక్షణ కల్పించినది. సుత్తితల సొరల అంతర్జాతీయ వ్యాపారాన్ని 2013లోను, బూడిదరంగు సొర చేరిన కుటుంబపు వ్యాపారాన్ని 2022లోను అంతర్జాతీయ ఒప్పందం అదుపులోనికి తెచ్చినది. సంగనేబ్ దిబ్బ, దుంగోనాబ్ అఖాతం కలిసి 2016లో ప్రపంచ వారసత్వ స్థలమైనవి. కాని 2023 ఏప్రిలులో సూడాన్‌లో అంతర్యుద్ధం చెలరేగినది. 2025 మే నెలలో పోర్టు సూడాన్ పట్టణంపైననే దాడులు జరిగినవి. దిబ్బలను కాపాడుటకు, సొరలను లెక్కించుటకు శాంతి కావలెను. ఒక యుద్ధం ఆ దిబ్బ ప్రక్కన వదలిన బాంబులే ఇంకను తుప్పుపట్టుతూ పడియుండగా, మరొక యుద్ధం తీరాన్ని పట్టుకొన్నది.

ఎర్రసముద్రంలో దిగినవారిని భయపెట్టిన మూడింటిలో నీటి బరువును మేకల సహాయంతో కొలిచినాము. మునిగిన ఓడలో ప్రమాదం ఎక్కడున్నదో గుర్తించినాము. సొరచేప భాషలో కొన్ని మాటలు నేర్చుకొన్నాము. బాంబులు నింపినది మనిషి, రెక్కలు కోసినది మనిషి. కనుక ఇక మీదట కొలిచి తెలుసుకొని అదుపులో పెట్టవలసినది సముద్రాన్ని కాదు, మన పనులనే.